టేపు పెట్టి చూడమ్మా

గంటలో వస్తానని చెప్పి కూతురు మెట్లు దిగింది. ఆ చప్పుడు కింద ఇస్త్రీ కొట్టు దాకా వినబడింది. అక్కడ ఇస్త్రీ అతను "మెల్లగా తల్లీ, కమ్మీ పట్టుకుని దిగు" అనడమూ వినబడింది. వీడికి ఇవాళ ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందో, నేను దిగితే మాత్రం 'మాస్టరమ్మా, మెట్లు అద్దెవి, కాస్త చూసి తొక్కు' అంటాడు అనుకుంటూ మాస్టరమ్మ తలుపు మూసి గదిలోకి వచ్చింది. కోటు కట్టింగు బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. రెండు చేతులూ చెరోవైపు పారేసుకుని, మెడ దగ్గర బొత్తాం విప్పుకుని, ఎవరో భారీ మనిషి ఎండనపడి వచ్చి నడుం వాల్చినట్టు ఉంది. ఆ మనిషెవరో చెప్పక్కర్లేదు. మోచేతుల దగ్గర లావు మడతలు, ఎప్పుడూ ఏదో ఒకటి కుక్కి కుక్కి సాగిపోయిన కుడి జేబు, కూర్చుని కూర్చుని మెరుపెక్కిన వెనకభాగం. ఆడబిడ్డ. తను పెంచలేకపోయిన కూతుర్ని తెచ్చుకుని పెంచిన మేనత్త. కోటు ఇక్కడికొచ్చింది గానీ ఆ ఒళ్ళు కోటుని వదల్లేదు. ఇందాక దాన్ని బల్ల మీద వేస్తూ, "అత్త ఇచ్చిందమ్మా, ఈ చలికాలం అంతా నాకు ఇదే. భుజాలు మాత్రం తగ్గించు. మిగతాది టేపు పెట్టి చూసి చెయ్యి" అంది కూతురు. అని, చిన్నప్పుడు గౌను కొలతలకు నిలబడ్డట్టే రెండు చేతులూ పక్కలకు ఎత్తి నిలబడింది. మాస్టరమ్మ తన చేతులు రెండూ ఏప్రాన్ జేబుల్లోకి దోపుకుంది. ఎందుకంటే అవి వణుకుతున్నాయి. పొద్దున నిద్ర లేచినప్పటినుంచీ వణుకుతున్నాయి, ఆమాటకొస్తే చికిత్స కేంద్రం నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ, టీ కప్పు పట్టుకున్నా దువ్వెన పట్టుకున్నా, గాలికి కిటికీ రెక్కలాగా. "నాకు టేపు ఎందుకే? నా కళ్ళే టేపు. నువ్వు గడపలో కాలు పెట్టగానే చూసేశాను. ఏం మారలేదు నువ్వు" అంది. "టేపు పెట్టి చూడమ్మా" అంది మళ్ళీ కూతురు, చేతులు దించకుండానే. "అబ్బా, పెద్ద మహారాణి కొలతలు! వెళ్ళి నీ పని చూసుకురా" అంది తను, నవ్వుతూ. ఆ చేతులు మెల్లగా దిగాయి. పక్క వీధిలో పనుందని, వచ్చాక ఒక మాట చెప్పాలని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మాట ఏదో తెలిసిందే అనుకుంది మాస్టరమ్మ. ఫోనులో ముందే చెప్పింది కదా. 'నేను ఒక్కసారి వస్తానమ్మా. వచ్చినప్పుడు నువ్వు మళ్ళీ ఆ మాత్రలు వేసుకుంటున్నావనిపిస్తే ఇంకోసారి రాను. తిట్టను, ఏడవను. రాను, అంతే.' ఎంత నెమ్మదిగా చెప్పిందో, బస్సు వేళలు చెప్పినట్టు. తిడితే బావుండేది, తిట్టుకి తిరిగి తిట్టడం తనకు వచ్చు. ఆ నెమ్మదితనం ఆడబిడ్డది, అక్కడే అబ్బింది దానికి. సరే, రానియ్యి, చూసుకోనియ్యి. మాత్ర వేసుకోలేదు, ఇవాళా వేసుకోలేదు, నిన్నా వేసుకోలేదు. గుండె మీద చెయ్యేసి చెప్పగలను, కాకపోతే ఆ చెయ్యి వణుకుతుంది. ఈ వణుకే చూస్తే ఏమనుకుంటుంది? అమ్మ ఇంకా బాగుపడలేదనుకుంటుంది. ఇంకా ఏదో మింగుతోంది అందుకే ఇలా ఊగిపోతోంది అనుకుంటుంది. వీధిలో అందరూ అదే కదా అనుకునేది, వణికే చెయ్యి కనబడితే ముందు సారా గ్లాసే గుర్తొస్తుంది ఎవరికైనా. గంటలో కోటు అయిపోయి ఉండాలి. గీత గీసినట్టు కుట్టు పడి ఉండాలి. చూడగానే, ఓహో, మా అమ్మ మళ్ళీ మాస్టరమ్మ అయింది అనుకోవాలి.

సుద్దముక్క తీసుకుని భుజం మీద పెట్టింది. గీత కోడి కెలికినట్టు వచ్చింది. బ్రష్షుతో తుడిచి మళ్ళీ గీసింది. ఈసారి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, మొండి గొడ్డుని కొట్టానికి తోలుకుపోయినట్టు చేతిని గీత మీద తోలుకుపోయింది, మెడ దగ్గరికొచ్చేసరికి గొడ్డు కాస్తా కంచె దూకింది. చేతులు కాదు, ఇవి ఎవరివో. ఒకప్పుడు ఈ బల్ల మీద పెళ్ళికొడుకుల కోట్లు, హోటలు వాళ్ళ యూనిఫారాలు, బడిపిల్లల చొక్కాలు గుడ్డ తాను విప్పింది విప్పినట్టు కోసేసేది. కత్తెర పెదాలు మూసుకోకుండానే గుడ్డ ఈ కొసనుంచి ఆ కొసకి విడిపోయేది, నీళ్ళల్లో చేప పోయినట్టు. అప్పుడు మాత్ర ఉండేది. లేనప్పుడు కూడా పోయేది కదా, అంతకుముందు, నడుంనొప్పికని మందుల కొట్టువాడు మొదటిసారి ఇచ్చిన నాటికి ముందు? పోయే ఉంటుంది. గుర్తు లేదు. అదే విడ్డూరం, మాత్రకు ముందు తన చేతులు ఎలా ఉండేవో తనకే గుర్తు లేదు. ఈ స్లీవు చివర బొత్తాం ఒకటి వదులుగా ఉన్నట్టుందే, ఊడిపోయిందో ఏమిటో, సరిపోయే బొత్తాం ఉందో లేదో చూడాలి అనుకుంటూ అల్మరా మీంచి రేకు డబ్బా దించింది.

బొత్తాల డబ్బా. కూతురికి బొత్తాం అన్న పేరు వచ్చింది ఈ డబ్బా వల్లే. నడక వచ్చీరాని రోజుల్లో ఇందులోంచి నల్ల బొత్తాం ఒకటి తీసి గుటుక్కున మింగేసింది, వాళ్ళ నాన్న దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద తడుతుంటే అది కిలకిలా నవ్వింది, ఆట అనుకుంది. ఆ తర్వాత పాపం ఆ మనిషి, బొత్తాం బయటికొచ్చేదాకా పిల్ల దొడ్డికి కూర్చునే పాత్ర పట్టుకుని పుల్లతో వెతుకుతూ కూర్చున్నాడు. దొరికిన రోజు కడిగి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇదిగో, నీ సరుకు నీకు అప్పగించాను, ఇక ఏ కోటుకి కుట్టుకుంటావో కుట్టుకో" అన్నాడు. ఎంత నవ్వారో ఇద్దరూ. అప్పట్నుంచీ అది బొత్తామే. ఇంట్లో బొత్తాం, వీధిలో బొత్తాం, బళ్ళో వేసేటప్పుడు అసలు పేరేమిటని అడిగితే వాళ్ళ నాన్న ఒక్క క్షణం తడబడ్డాడు. మంచి మనిషి. మంచి మనిషే, ఆ సంగతి ఎప్పుడూ తెలుసు తనకు. తెలుసు గానీ సాయంత్రం అతను రావడం కాస్త ఆలస్యమైతే కిటికీ దగ్గర నిలబడి వీధి మలుపు చూస్తూ చూస్తూ ఉంటే లోపల ఏదో గొంతు, పోయాడు, ఇక రాడు, నీ మొహం చూసి ఎవరుంటారే అనేది. ఆ గొంతు ఒకసారి మొదలైతే ఆగేది కాదు, చెయ్యి జారిన దారపు ఉండలాగా గది మొత్తం చుట్టుకునేది. అతను నన్ను వదిలేసేలోపు నేనే వదిలేస్తే పీడాపోతుంది. అంతే, అతని బట్టలన్నీ పోగేసి కిటికీలోంచి వీధిలోకి. తీరా చూస్తే అతను మలుపులోనే ఉండేవాడు. తన కోసం దారాలు కొనడానికి ఆగి ఉండేవాడు. బట్టలన్నీ ఏరుకుని మెట్లెక్కి వచ్చి, "మాస్టరమ్మగారూ, ఇవి మీ మేడ మీంచి పడ్డాయండీ, ఎవరో అందగాడివిలా ఉన్నాయి" అనేవాడు. ఒకసారి, ఇంకోసారి, ఎన్నిసార్లో. చివరిసారి కూడా ఏరుకున్నాడు. ఒక్కొక్కటీ దులిపి మడత పెట్టుకున్నాడు, కిటికీ వైపు తలెత్తి చూశాడు, ఆ తర్వాత మెట్లు ఎక్కలేదు. వచ్చేవాణ్ణి పోయేవాడనుకుంది తను. అనుకుని అనుకుని నిజం చేసింది. కొన్నాళ్ళకు ఆడబిడ్డ వచ్చి పిల్ల బట్టలు సర్దుతుంటే తను గుమ్మంలో నిలబడి, "తీసుకుపో, పీడా విరగడైంది" అంది. నోరు ఆ మాట అంటుంటే కడుపు వద్దు వద్దు అంటోంది. పిల్ల తనవైపు చూసింది. "అమ్మా, ఉండనా?" అంది. "పో" అంది.

పో. ఎంత చిన్న మాట, కత్తెర ఒక్కసారి మూసుకున్నంత. గురువు, అంటే తనకు పని నేర్పిన పెద్దమాస్టరు, సన్నగా వెదురు బద్దలా ఉండే ముసలాయన, కత్తెర చేతికిచ్చేముందు తనచేత బోలెడు కాగితం కోయించాడు. కాగితాలు అయ్యాక పాత దుప్పట్లు. అసలు గుడ్డ ముట్టనిచ్చిన రోజున తను ఉత్సాహంగా, సరిగ్గా కొలతకి, ఒక్క పోగు కూడా మిగలకుండా కోసింది. శభాష్ అంటాడనుకుంది. ఆయన ఆ ముక్కలు ఎత్తి చూసి, "ఇదేమిటి, పుచ్చకాయ కోశావా?" అన్నాడు. "కొలత ప్రకారమే కదండీ కోశాను?" "కొలత ఇవాళ్టిది కదటే. మనిషి రేపు లావవుతాడు, ఎల్లుండి చిక్కుతాడు. కుట్టుకి లోపల కాస్త గుడ్డ వదలాలి, ఎవరికీ కనబడకుండా. విప్పుకుంటే విప్పుకోడానికి. అది లేకపోతే బట్ట ఒక్కరోజుదే." ఆ మాట మరిచిపోలేదు ఎన్నడూ. ఎవరి బట్ట కోసినా లోపల రెండు వేళ్ళ వెడల్పు వదిలేది. వీధిలో వాళ్ళంతా అదే చెప్పుకునేవారు, మాస్టరమ్మ నోరు మంచిది కాదు గానీ ఆమె కుట్టిన చొక్కా పిల్లాడు మీసం వచ్చేదాకా తొడుక్కుంటాడని. నోటికి మాత్రం ఆ లోపలి గుడ్డ వదలడం నేర్చుకోలేదు. నేర్పినవాళ్ళూ లేరు.

చికిత్స కేంద్రంలో డాక్టరు నేర్పాలని చూశాడు పాపం. కుర్రవాడు, కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీద పెట్టుకుని దాని కోసం గదంతా వెతికేవాడు. "మీకు రెండు జబ్బులమ్మా. ఒకటి ఆ మాత్రలు. రెండోది మీ మనసు తీరు, ఎవరైనా దగ్గరకొస్తే పోతారేమోనని ముందే తోసేయడం. రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి" అన్నాడు. "మొగుడూ పెళ్ళాల్లాగానా డాక్టరుగారూ?" అంది తను. "మొగుడూ పెళ్ళాల్లో అంత అన్యోన్యం నేనెక్కడా చూడలేదు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకరోజు పేకముక్కలు తెచ్చి నాలుగు దొంతరలు పేర్చాడు బల్ల మీద. మీ ఇష్టం, దేంట్లోంచైనా ఒక్కో ముక్కా తియ్యండి, మార్కులొస్తాయి, పోతాయి, చివరికి ఎన్ని మిగిలితే అన్ని అన్నాడు. రెండు దొంతరలు ఘనంగా ఇచ్చేవి, ఇచ్చి ఇచ్చి ఉన్నట్టుండి ఒక్క ముక్కతో అంతా ఊడ్చుకుపోయేవి. మిగతా రెండూ ముష్టిగా ఇచ్చేవి, ముష్టిగానే తీసుకునేవి. కాసేపటికే అర్థమైంది తనకు. ఇందులో ఏముంది, చిన్న దొంతరలే మేలు. "ఇదిగో ఇది ముంచే దొంతర డాక్టరుగారూ" అని నోటితో చెబుతూనే చేత్తో దాన్నే తీసింది. మళ్ళీ అదే తీసింది. ఈసారి ఇస్తుందేమో, ఇప్పటిదాకా తిన్నది ఇప్పుడు కక్కుతుందేమో. ఆట అయిపోయేసరికి మార్కులన్నీ పోగొట్టుకుని కూర్చుంది తను. డాక్టరు ముక్కలు పోగు చేస్తూ, "తెలియకపోవడం కాదమ్మా మీ జబ్బు. తెలిసింది చేతిదాకా రాకపోవడం" అన్నాడు. ఆ రాత్రి మంచం మీద పడుకుని అదే ఆలోచించింది. తన పనిలో అంతా తిరగేసి కదా, చేతికి తెలిసిందే చాలాసేపటికి తలకెక్కేది. మరి ఈ చెయ్యి తనకు తెలిసిందంతా ఎప్పుడు మరిచిపోయింది? తలకీ చేతికీ నడుమ దారి ఎక్కడ తెగింది, భుజం దగ్గరా, మోచెయ్యి దగ్గరా? కుట్టేదైతే కుట్టుకోవచ్చు.

డబ్బాలో వేలు పెట్టి కలుపుతోంది. గోధుమ రంగువి, ముత్యాల్లాంటివి, ఇత్తడివి. అడుగున గరుకుగా వేలికి తగిలింది. అది ఉందని తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది, తనే పెట్టింది. అన్నీ పారేసింది, నిజంగానే, డాక్టరు ముందే సింకులో పోసేసింది, ఇంటికొచ్చాక దిండు కుట్టు విప్పి అందులోవీ పారేసింది. ఈ ఒక్క మాత్రల రేకు మాత్రం ఉంచింది, వేసుకోడానికి కాదు, వేసుకోకుండా ఉండడానికి. లేనప్పుడు మానేయడం ఏం గొప్ప? పళ్ళు లేనివాడు చెరుకు మానేసినట్టు. ఉండగా మానాలి. అందుకే. ఇది ఉందన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ ముట్టలేదు, ఆ సంగతి డాక్టరుకి చెబితే కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని చూస్తాడు. ఇవాళ వేసుకోకూడదు. ఇవాళ అసలే వేసుకోకూడదు. నా బొత్తాం ఇంటికొచ్చింది, వచ్చిందంటేనే దాని మనసులో ఇంకా ఏదో ఉందన్నమాట. ఒక పని చెయ్యొచ్చు, కింద ఇస్త్రీ అతన్ని పిలిచి కోటు పట్టుకోమనొచ్చు. లేదా కోటు ఇవాళ అవదు, రేపు రా అనొచ్చు. రేపు రా అంటే రేపు వస్తుందా? వస్తే రెండుసార్లు వచ్చినట్టు కూడా. లేదా ఉన్నమాట చెప్పెయ్యొచ్చు, చేతులు వణుకుతున్నాయే, టేపు పట్టలేకపోతున్నాను అని. అది ఒక్కటే తిన్నగా ఉన్న దారి. ఎంత తేలిక! తలుపు తీసుకుని రాగానే చేతులు చూపించి చెప్పడమే, ఇదిగో చూడవే మీ అమ్మ చేతులు అని. చెప్తాను. అదే చేస్తాను. వేసుకోవలసిన పనేముంది అనుకుంటుండగా నాలిక కింద చేదు కరుగుతోంది.

ఎప్పుడు పెట్టుకుంది? రేకు చిరిగిన చప్పుడు కూడా వినబడలేదు. ఒక్క క్షణం ఉమ్మేద్దామా అనుకుంది, అప్పటికే సగం కరిగింది, ఇంక ఉమ్మితే మాత్రం ఏం లాభం, అడుసు తొక్కాక ఒక కాలేమిటి రెండు కాళ్ళేమిటి. స్లీవు చివర చూసింది. బొత్తాలన్నీ ఉన్నాయి. గట్టిగానే ఉన్నాయి.

కాసేపటికి కిటికీలోంచి వచ్చే వెలుతురు మెత్తబడింది. కింద ఇస్త్రీ పెట్టె బల్ల మీద దింపిన చప్పుడు దూది మూటలోంచి వచ్చినట్టు వచ్చింది. ఎవరో వెనక నుంచి వచ్చి రెండు భుజాలూ పట్టుకుని, ఇక చాల్లే, నేను చూసుకుంటాను అన్నట్టు ఒళ్ళంతా వదులైంది. చేతులు బల్ల మీద పెట్టి చూసుకుంది. కదలట్లేదు. ఇవీ నా చేతులు. సుద్ద తీసుకుంది. గీత పలక మీద అంచు పెట్టి గీసినట్టు పడింది. భుజాల కుట్లు విప్పింది, లోపలికి తీసింది, మిషను మీద రెండు పరుగుల్లో అయిపోయింది. అంతవరకే చెప్పింది కూతురు. అంతవరకు చేసి ఆగిపోవలసింది. కానీ కోటు ఎత్తి పట్టుకుని చూస్తే ఇంకా ఆడబిడ్డే కనబడుతోంది, నడుము దగ్గర డోలులా, పొట్ట దగ్గర బస్తాలా. నా కూతురు జొన్నకర్రలా ఉంటుంది, దానికి ఈ గుడారం ఏమిటి? పక్కల కుట్లు విప్పింది. లోపల ఎంత గుడ్డ వదిలాడో, ఎవడో బుద్ధిమంతుడు కుట్టాడు దీన్ని, పెద్దమాస్టరు లాంటివాడు, మూడు వేళ్ళ వెడల్పు ఉంది ఒక్కో పక్కా. అది చూడగానే ఎక్కడో అడుగున మంట రాజుకుంది. ఆడబిడ్డ లోపల దాచుకున్న చోటు అది. రేపు మళ్ళీ విప్పుకుని మళ్ళీ తనదిగా చేసుకోడానికి. పిల్ల జడ ఆవిడే వేసింది, పిల్ల జ్వరానికి ఆవిడే కూర్చుంది, పిల్ల పెళ్ళికి ఆవిడే ముందు నిలబడింది, నేను వెనక కుర్చీలో. కోటు కూడానా? ఈ కోటు నాది, నా కూతురిది, ఇందులో ఇంకెవరూ ఉండటానికి వీల్లేదు. కళ్ళతో చూసిన కొలతకి గీత గీసింది, గీతకి ఆనుకుని కత్తెర పెట్టింది. లోపల రెండు వేళ్ళు వదులు అని పెద్దమాస్టరు గొంతు వినబడింది, వినబడలేదని కాదు. కత్తెర మెత్తగా పోయింది. ఉన్ని గుడ్డ కత్తెర కింద చేసే చప్పుడు, పశువు గడ్డి తింటున్నట్టు కరకరమంటూ, ఎంతకాలమైంది ఆ చప్పుడు విని. ఒక పట్టీ రాలింది. రెండో పక్కా రాలింది. జీవితంలో ఇంత తిన్నగా ఎప్పుడైనా కోసిందా? కుడిపక్క కుట్టేసి ఎడమపక్కకు గుండుసూదులు గుచ్చి ఎత్తి పట్టుకుంది. సన్నగా, అందంగా, కొత్తగా. ఆడబిడ్డ పూర్తిగా పోయింది. పోయి నేలమీద రెండు నల్ల పట్టీలుగా పడి ఉంది.

వంగి ఆ పట్టీలు తీస్తుంటే పీట కనబడింది. బల్ల కింద ఉండే పొట్టి పీట. బొత్తాం ఎప్పుడొచ్చినా ముందు దాని మీదే కూలబడేది, పెళ్ళయ్యాక కూడా, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా. ఇవాళ కూర్చోలేదేం? నిలబడే ఉంది. నడుం మీద వెనకనుంచి ఒక చెయ్యి ఆనించుకుని నిలబడింది. శాలువా తియ్యలేదు, గదిలో ఉక్కగా ఉన్నా కూడా. టీ ఇస్తే కప్పు దగ్గరికి తీసుకుని మొహం పక్కకు తిప్పుకుంది, చల్లారాక తాగుతానంది, తాగలేదు. దానికి టీ అంటే ప్రాణం కదా. పక్క వీధిలో పని అంది. పక్క వీధిలో ఏముంది? తాళాల రిపేరు కొట్టు ఉంది, పిండి మర ఉంది, ఆ మేడ మీద లేడీ డాక్టరు ఉంది. మాస్టరమ్మ చేతిలో పట్టీలు అలాగే ఉన్నాయి. ఈ చలికాలం అంతా నాకు ఇదే అంది. ఆడబిడ్డ తెలివితక్కువది కాదు, జొన్నకర్ర లాంటి పిల్లకి తన గుడారం లాంటి కోటు ఎందుకిస్తుంది? మిగతాది టేపు పెట్టి చూసి చెయ్యి అంది. భుజాలు మాత్రం తగ్గించమంది, భుజాలు మాత్రం. మెల్లగా తల్లీ, కమ్మీ పట్టుకుని దిగు. కింద ఇస్త్రీ పెట్టె తోసేవాడికి కనబడింది. నా కళ్ళే టేపు అన్న తనకి కనబడలేదు. టేపు ఒక్కసారి నడుం చుట్టూ తిప్పి ఉంటే చేతికే తెలిసిపోయేది, చెప్పక్కర్లేకుండా. చెప్పక్కర్లేకుండా తెలియాలనే కదా అది అలా చేతులెత్తి నిలబడింది, రెండుసార్లు అడిగింది. వచ్చాక చెప్తానన్న మాట అదన్నమాట. గుండె దడదడలాడాలి ఇప్పుడు. ఆడట్లేదు. మాత్ర ఆడనివ్వట్లేదు. ఏడుపు కూడా గాజు పలక అవతల నిలబడి ఇటు చూస్తోంది, లోపలికి రావడానికి దానికి దారి లేదు.

పట్టీలు కోటు పక్కన పెట్టి చూసింది. అతికితే? అతికితే అతుకు పైకి కనబడుతుంది. అయినా సరే, ముందు ఎడమపక్క గుండుసూదులు తీసి అనుకునేలోపే మెట్ల మీద అడుగులు, మెల్లగా, మెట్టు మెట్టుకీ ఆగుతూ. కూతురు తలుపు తోసుకుని వచ్చింది. మొహం చెమర్చి ఉంది, ఏదో వెలుగులాంటిది ఉంది ఆ మొహంలో. చేతిలో మందుల సంచీ ఉంది, దాన్ని శాలువా కింద దాచుకుంది. "అయిందా అమ్మా?" అంది. "ఆఁ, అవుతోంది, కూర్చో, నిలబడకు" అంది మాస్టరమ్మ. మామూలుగా ఉండాలి, చేతికి ఏదో పని ఉండాలి అని సూది తీసుకుంది, దారం కొస నోట్లో తడి చేసి సూది కన్నులోకి దూర్చింది. ఒక్కసారికే ఎక్కింది. తలెత్తి చూస్తే కూతురు కోటు వైపు చూడట్లేదు. సూది వైపు చూస్తోంది.

"ఒక్కసారికే ఎక్కింది" అంది కూతురు.

"ఏమిటీ?"

"దారం."

మాస్టరమ్మ నవ్వబోయింది. "మరేమనుకున్నావే మీ అమ్మంటే?"

"నీ డాక్టరుగారు చెప్పారమ్మా. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు చేతులు వణుకుతాయి, చూసి కంగారు పడొద్దు, అది మంచి గుర్తు, మందు ఒంట్లోంచి పోతోందన్నమాట అన్నారు." ఆ వెలుగు ఎక్కడికి పోయిందో, మొహం ఇంతైంది. "ఇందాక టేపు పెట్టమన్నది అందుకే. నీ చేతులు చూద్దామని. ఇంకా ఒకందుకు కూడా..."

"తెలుసు" అంది మాస్టరమ్మ.

"ఎప్పుడు తెలిసింది?"

"కోసేశాక."

కూతురు కోటు ఎత్తింది. శాలువా తీసి పక్కన పెట్టి, ఒక చెయ్యి దూర్చింది, రెండో చెయ్యి దూర్చింది. భుజాలు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ముందు రెండు అంచులూ దగ్గరికి లాగింది, నడుము దగ్గర ఆగిపోయాయి, మధ్యలో జానెడు గౌను కనబడుతూ ఉండిపోయింది. పైకి వచ్చీరాని ఆ పొట్ట. మాస్టరమ్మకి గొంతు దాకా ఒక మాట వచ్చింది. పాత మాటే, ఇలాంటప్పుడు ఎప్పుడూ ముందు వచ్చే మాట, అవతలివాళ్ళు అనకముందే తను అనేసేది. పో. దాన్ని పళ్ళ మధ్య నొక్కి పట్టింది. అది పళ్ళ మధ్య ఉండగా వేరే మాటకి దారి లేకపోయింది. ఏప్రాన్ జేబుల మీద చేతులు ఆనించి, "ఇందాక వణుకుతూనే ఉన్నాయే, నువ్వడిగినప్పుడు. జేబుల్లో పెట్టుకున్నాను" అంది.

"తీసి చూపించి ఉంటే చాలు కదమ్మా" అంది కూతురు.

తిట్టలేదు. చెప్పినట్టే, తిట్టలేదు, ఏడవలేదు. గుండుసూది గుచ్చుకోకుండా జాగ్రత్తగా కోటు విప్పి బల్ల మీద పరిచింది, నలిగిన చోట చేత్తో సవరించింది. "ఎక్కడ దాచావు?" అంది. మాస్టరమ్మ రేకు డబ్బా వైపు చూసింది. కూతురు డబ్బా తీసుకుని ఒకసారి ఊపింది, బొత్తాల మధ్య రేకు గలగలమంది. "నా డబ్బాలోనా అమ్మా" అంది. డబ్బా చంకలో పెట్టుకుంది. "ఇంకెక్కడైనా ఉందా?"

"లేదు" అంది మాస్టరమ్మ.

ఆలోచించి అన్నది కాదు. నోరు తెరవకముందే మాట బయటకొచ్చి నిలబడింది. మిషను సొరుగులో, దారపు బాబిన్ల వెనక, ఇంకో రేకు ఉంది. అది ఉందని ఈ క్షణం దాకా తనకు తను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పొచ్చు. ఉంది, ఇదిగో అనొచ్చు. కూతురు శాలువా కప్పుకుంటోంది, మందుల సంచీ తీసుకుంటోంది, ఇప్పుడు చెప్పొచ్చు. "ఎన్నో నెలే?" అని వచ్చింది నోట్లోంచి. "టేపు పెట్టి ఉంటే నీకే తెలిసేది" అంది కూతురు. గడప దగ్గర ఆగి, "రానని చెప్పాను, గుర్తుందిగా" అంది. "గుర్తుంది" అంది మాస్టరమ్మ. "మరి కోటు?" "పట్టదు కదమ్మా." తలుపు నెమ్మదిగా, చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకుని వెళ్ళింది, ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు. పో అనలేదు నేను అనుకుంది మాస్టరమ్మ. ఈసారి అనలేదు. ఉండు అని కూడా అనలేదు, ఆ సంగతి మెట్ల మీద అడుగులు సగం దిగాక తట్టింది. కింద ఇస్త్రీ అతను "అప్పుడే బయల్దేరావా తల్లీ, అమ్మ పలకరించిందా బాగా?" అంటున్నాడు. కూతురు ఏం జవాబు చెప్పిందో వినబడలేదు. డబ్బాలో బొత్తాల చప్పుడు మాత్రం వీధి మలుపు దాకా వినబడిందో, వినబడినట్టు అనిపించిందో.

కోటు తీసుకుని మిషను ముందు కూర్చుంది. కుడిపక్క వేసిన కుట్టు బ్లేడుతో విప్పింది, ఎడమపక్క గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. రెండు పట్టీలూ రెండు పక్కలా ఆనించి చూసింది. కోసేటప్పుడు మూడు వేళ్ళుండే గుడ్డ, అతికితే రెండే మిగులుతుంది, అటూ ఇటూ అతుకు పైకి కనబడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా కనబడుతుంది, వీధిలో చూసినవాళ్ళంతా ఇదేమిటని అడుగుతారు. అడగనీ. తొడుక్కునేవాళ్ళుంటే కదా అడగడం. దారం ఎక్కించిన సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. గుచ్చబోయి ఆగింది. ఈ చేతులతో కాదు. ఈ అతుకు ఈ చేతులతో వెయ్యకూడదు, ఇవి ఇందాకటి చేతులు, తిన్నగా పోయే చేతులు. సూది పక్కన పెట్టి, అరచేతులు రెండూ ఆ నల్ల గుడ్డ మీద బోర్లించి కూర్చుంది. మిషను సొరుగు పిడి కుడి మోకాలికి చల్లగా తగులుతూ ఉంది. కాలు కాస్త జరుపుకుంటే తగలదు, జరపాలని తెలుసు. కిటికీలో వెలుతురు బల్ల మీంచి గోడకి ఎక్కింది. కింద ఇస్త్రీ అతను బొగ్గులు ఆర్పాడు. చేతులు రాళ్ళలా నిశ్చలంగా ఉన్నాయి. మాస్టరమ్మ వాటినే చూస్తూ, ఎప్పుడు వణుకుతాయా అని కూర్చుంది.